13 ఏళ్లుగా నేను పోతున్న చిత్తూరు వకీలాఫీసు

ముందే చెప్పేస్తున్నా, ఆఫీసు పేరు రాయను. వకీళ్లు తమ గురించి ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమం ఉంది, 36వది. గోడకు తగిలించే బోర్డు కూడా ఓ మోస్తరు సైజు దాటకూడదంటుంది. ఇది నా అంతట నేను రాస్తున్నదే, అయినా పేరు పెడితే పెద్దాయన చూసి "నిన్ను ఎవురు రాయమనింది?" అని తిడతాడు. తిట్టడం ఆయనకు కొత్తేమీ కాదు, ఆ సంగతికి వస్తా. చిత్తూరులో గాంధీ విగ్రహం నుంచి నడిచిపోగల దూరంలో, ఒక పాత ఇంటి వరండాలో నడిచే ఆఫీసు అనుకోండి, చాలు.

తండ్రి సీనియరు వకీలు, నేను పెద్దాయన అనేది ఆయన్నే. కూతురు, అంటే మేడమ్, నేను అక్కడికి పోవడానికి ఏడాది ముందే ప్రాక్టీసు మొదలుపెట్టింది. గుమస్తా పెద్దాయన బావమరిది. ఎవరు ఎంత ఇచ్చారో, ఎంత బాకీనో పెద్దామె ఒక పొడుగు పుస్తకంలో రాసి పెడుతుంది. వరండాలో ఒక చెక్క బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గుడ్డలో కట్టిన ఫైళ్ల మూటలు. లోపల తాలింపు వేస్తే పార్టీలందరికీ తుమ్ములు. ఏసీ గది, రిసెప్షన్ కావాలనుకునేవాళ్లకు ఇది సరిపడదు.

నేను ఆ ఆఫీసు మెట్టెక్కింది 2012లో. మా తాత 1998లో చనిపోయాడు. ఐరాల మండలంలో ఆయనకు వాళ్ల నాయన నుంచి వచ్చిన 3 ఎకరాల 60 సెంట్ల మామిడితోట. మా నాన్న ఆర్టీసీలో కండక్టరు, ఉద్యోగం తిరుపతిలో. తోట చిన్నాయన చూసుకునేవాడు, పాసుపుస్తకం ఆయన పేరు మీదే చేయించుకున్నాడు. నాన్న ఉన్నన్నాళ్లూ ఏటా కాయల డబ్బులో సగం ఇచ్చేవాడు. 2011లో నాన్న పోయాక ఆపేశాడు. అడిగితే "పుస్తకం ఎవురి పేరన ఉండాదో చూసుకో పో" అన్నాడు.

నేను కోపంతో పోయాను. చిన్నాయన మీద చీటింగ్ కేసు పెట్టి స్టేషన్లో కూర్చోబెట్టాలని నా ఆలోచన. పెద్దాయన నా కథ సగం కూడా వినలేదు. "కథ తర్వాత చెబుదువులే. కాగితాలు తెచ్చినావా?" అన్నాడు. తేలేదు. "క్రిమినల్ కేసు వద్దు. అది పెడితే మీ చిన్నాయన బెయిలు తెచ్చుకుంటాడు, నీకు సెంటు భూమి రాదు. భాగానికి దావా వేసుకో" అని ఒక చీటీ మీద జాబితా రాసిచ్చాడు. ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం), అడంగల్ (సాగు రికార్డు), 1బి (హక్కుల రికార్డు), ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) నకలు, తాత మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. భూమి రికార్డులు చూసుకునే ప్రభుత్వ వెబ్‌సైటు మీభూమి 2015లో వచ్చింది, అప్పట్లో ఇవన్నీ తహసిల్దారు ఆఫీసు మెట్లు ఎక్కి దిగితేనే. నాకు రెండు నెలలు పట్టింది. పాసుపుస్తకం చూసి బెదిరిపోవాల్సిన పని లేదని, ఎదురు రుజువు చూపేదాకానే దానికి బలమని ఆ రోజే చెప్పాడు. ఆ ఒక్క మాటతో అమ్మకు ఆ రాత్రి నిద్ర పట్టింది.

దావాలో అమ్మ, అక్క, నేను వాదులం. చిన్నాయన మొదటి ప్రతివాది, మా మేనత్త రెండో ప్రతివాది. అత్తను ఎందుకు లాగాలని నేను గొడవపడ్డాను. ఆమెను చేర్చకపోతే దావా నిలవదన్నారు. సరే, అయితే పెళ్లప్పుడు బంగారం తీసుకుని తన భాగం వదులుకున్నట్టు రాయమన్నాను. అలాంటిదేమీ జరగలేదు, నాకు తెలుసు. మేడమ్ అప్పటికి ఇంకా చిన్నపిల్లలాగే ఉండేది. పెన్ను కింద పెట్టి, "అట్ల రాయను అన్నా. రేపు మీ అత్త బోనులో నిలబడి లేదని చెబితే మన నిజాలు కూడా అబద్ధాలయిపోతాయి" అంది. లోపల గదిలో ఉన్న పెద్దాయన కలగజేసుకోలేదు. వేరే వకీలును చూసుకుందామా అని ఒక వారం ఊగిసలాడి మళ్లీ అక్కడికే పోయాను.

ఇక వాళ్ల వల్ల నాకు జరిగిన నష్టం. దావా షెడ్యూలులో సర్వే నంబరు 114/2 ఉండాల్సిన చోట 114/3 అని టైపయింది. కోర్టు దగ్గర టైపు చేయించుకొచ్చారు, పెద్దాయన పేజీలు తిప్పి "సంతకం పెట్టబ్బా" అన్నాడు, పెట్టాను. ఇంగ్లీషులో ఉంది, చదవలేదు. చిన్నాయన వేసిన జవాబులో "ఆ నంబరులో మాకు భూమే లేదు" అని ఉంటే అప్పుడు బయటపడింది. దాన్ని దిద్దుకోవడానికి సవరణ పిటిషన్ వేస్తే, అవతలివాళ్లు దానికి కౌంటరు, వాయిదాలు, మధ్యలో మే నెల సెలవులు, అన్నీ కలిసి ఎనిమిది నెలలు పోయాయి. సాక్ష్యాలు మొదలయ్యాక బయటపడి ఉంటే సవరణ కూడా కష్టమయ్యేదట. పెద్దాయన టైపిస్టును తిట్టాడు, గుమస్తాను తిట్టాడు, చివరకు చదువుకోకుండా సంతకం పెట్టానని నన్నూ తిట్టాడు. తప్పు తనదని మాత్రం ఇప్పటిదాకా అనలేదు. మేడమ్ అంది. ఆ పిటిషనుకు పైసా తీసుకోలేదు. అప్పటి నుంచి ఏ కాగితమైనా తెలుగులో చెప్పి, నంబర్లు నాచేత గట్టిగా చదివించి, తర్వాతే సంతకం అడుగుతుంది. ఇప్పుడు ఆఫీసులోనే కంప్యూటరు, ప్రింటరు పెట్టుకున్నారు.

కేసు నడుస్తుండగా చిన్నాయన ఊళ్లో కొత్త మాట ఎత్తుకున్నాడు. "కోర్టెందుకు, కాణిపాకం పోదాం రా, ప్రమాణం చేద్దాం" అని. మా దిక్కున ఆ మాట తేలిక కాదు. ఆ గుళ్లో అబద్ధపు ప్రమాణం చేస్తే బతకరని నమ్మేవాళ్లు ఇంటికి ఇద్దరుంటారు. పైగా అక్కడ పారే బాహుదా నది కథే అన్నదమ్ముల తగవు. ఆకలికి తాళలేక తమ్ముడు లిఖితుడు ఒక మామిడికాయ కోస్తే అన్న శంఖుడు రాజుకు చెప్పడం, చేతులు నరికించడం, ఏట్లో మునిగితే చేతులు మళ్లీ రావడం. మా తగవు కూడా మామిడికాయల దగ్గరే. అమ్మ ప్రమాణానికి ఒప్పుకుందామంది. పెద్దాయన అన్నాడు: "పోయి రాండి, దండం పెట్టుకుని రాండి. కానీ ఎఫ్‌ఎంబీలో గీత దేవుడొచ్చి మార్చడు." మేము పోయాం, దండం పెట్టుకున్నాం, వచ్చేశాం. చిన్నాయన రాలేదు.

2019లో లోక్ అదాలత్‌లో రాజీ. ఏడేళ్లు నలిగింది అక్కడ అరగంటలో తేలింది. తేలడానికి ముందు ఆరు నెలలు మేడమ్ అవతలి వకీలుతో, అత్తతో, చిన్నాయన కొడుకుతో విడివిడిగా మాట్లాడుతూనే ఉంది. లెక్క ఇది. తాత పోయిన నాటి చట్టం ప్రకారం ఆస్తిని ముందు ఆయనకూ ఇద్దరు కొడుకులకూ మూడు భాగాలు చేయాలి. ఆయన భాగాన్ని మళ్లీ ఇద్దరు కొడుకులకూ కూతురికీ సమంగా పంచాలి. అలా అత్తకు తొమ్మిదో వంతు, 40 సెంట్లు. మాకు 160, చిన్నాయనకు 160. అత్త భూమి వద్దని సెంటుకు 12 వేల చొప్పున డబ్బు తీసుకుంది, మేమూ చిన్నాయనా సగం సగం వేసుకున్నాం. కట్టిన కోర్టు ఫీజు వాపసు వచ్చింది. ఈ అవార్డు (లోక్ అదాలత్ ఇచ్చిన రాజీ ఉత్తర్వు) మీద అప్పీలు ఉండదని సంతకాలకు ముందు అందరికీ రెండుసార్లు చెప్పారు.

మా ఫీజు మొత్తం మూడు విడతలుగా మాట్లాడుకున్నాం. రాజీ అయింది కాబట్టి మూడో విడత సగమే తీసుకున్నారు. మొదటి రెండేళ్లు రసీదు అడిగితే పెద్దామె పుస్తకం చూపించేది, అంతే. ఇప్పుడు ఫోన్లో కట్టించుకుంటున్నారు కాబట్టి లెక్క మన దగ్గరా ఉంటుంది.

మధ్యలో చిన్న పనులు. 2016లో తోతాపురి కాయలు తోలించుకున్న వ్యాపారి ఇచ్చిన లక్షా 85 వేల చెక్కు బ్యాంకులో తిరిగొచ్చింది. రేపు మాపు అంటుంటే నమ్మి కూర్చున్నాను. మేడమ్ దగ్గరికి పోయేసరికి చెక్కు తిరిగొచ్చి 26 రోజులు. 30 రోజుల లోపల నోటీసు పోవాలని నాకేం తెలుసు? ఆ సాయంత్రమే నోటీసు తయారుచేసి, మర్నాడు పొద్దున్నే గుమస్తా చేత రిజిస్టర్ పోస్టులో పంపించింది. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే ఆ తర్వాత నెల లోపల కోర్టులో ఫిర్యాదు వేయాలి. అంతదాకా పోలేదు, రెండు దఫాలుగా కట్టేశాడు. అయిన ఖర్చు 2,500. ఈ ఆఫీసులో నాకు బాగా గిట్టుబాటైన పని ఇదే.

2018లో ఎకరా భూమి చవకగా వస్తోందని అడ్వాన్సు ఇవ్వబోయాను. ఈసీ శుభ్రంగా ఉంది. మేడమ్ పాత రికార్డు తీయించి చూస్తే డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డు భూమి. 1977 చట్టం ప్రకారం అసైన్డు భూమి అమ్మకూడదు, కొన్నవాడికి హక్కు రాదు, రిజిస్ట్రేషన్లో 22-ఎ జాబితాకు (రిజిస్టర్ చేయకూడని భూముల జాబితా) తగులుకుంటుంది. "వద్దు అన్నా" అంది. 2023లో 20 ఏళ్లు దాటిన పట్టాలకు అమ్ముకునే హక్కు ఇస్తూ చట్టం మార్చినప్పుడు, మంచి బేరం పోగొట్టావు కదా తల్లీ అనుకున్నాను లోపల. 2024లో ప్రభుత్వం మారి ఆ భూముల మీద విచారణలు మొదలయ్యాక మళ్లీ ఊపిరి పీల్చుకున్నాను.

ఇప్పుడు నన్ను ఇంకా నలుపుతున్న సంగతి. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తీర్పు ఇచ్చింది. కూతురికి పుట్టుకతోనే హక్కు, 2005లో వారసత్వ చట్టం మారేనాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని. మేనత్త కొడుకు, నాకు బావ, నాకు ఫోన్ చేశాడు. మాస్కు కట్టుకుని ఆఫీసుకు పరిగెత్తాను. మేడమ్ ప్యాడు మీద లెక్క వేసి చూపించింది. ఈ తీర్పు ఏడాది ముందు వచ్చి ఉంటే అత్తకు మూడో వంతు. అంటే 120 సెంట్లు. మాకూ 120, చిన్నాయనకూ 120.

"అవార్డును తిరగదోడటం దాదాపు కుదరదు, మీరు భయపడాల్సింది లేదు" అంది. అమ్మయ్య అనుకుంటుంటే ఆగి, "చట్టం సంగతి చెప్పినాను. మీ అత్తకు న్యాయం జరిగిందా అనేది మాత్రం నన్ను అడగొద్దండన్నా, ఇంటికి పోయి అమ్మనడగండి" అంది. కన్సల్టేషన్ ఫీజు 300 తీసుకుంది కూడా. అమ్మ ఇచ్చేద్దామంటుంది, అక్క సగం ఇద్దామంటుంది, నేను ఐదేళ్లుగా చూద్దాం అంటున్నాను. సమీక్షలో రాయాల్సింది కాదేమో. కానీ నా వకీలు నన్ను గెలిపించి, ఆ గెలుపు ఎంత ఇరుకైనదో కూడా నాకే చూపించిందంటే, ఆ ఆఫీసు ఎలాంటిదో చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ నా దగ్గర లేదు.

పడనివి ఇంకొన్ని. పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం అయిదు దాకా ఫోన్ ఎత్తరు, కోర్టులో ఉంటారు. ఎత్తకపోతే తిరిగి చేసే అలవాటూ లేదు. వాయిదా తేదీ కోసం గుమస్తాను బతిమాలేవాణ్ణి, మేడమ్ ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ (ఒక్కో కేసుకు ఇచ్చే) నంబరు కొట్టి చూసుకోవడం నేర్పాక ఆ బాధ తప్పింది. క్రిమినల్ కేసుల్లో చెక్కు కేసులు తప్ప ఏవీ ముట్టుకోరు. హైకోర్టు పని చేయరు. మా దావా మధ్యలో చిన్నాయన హైదరాబాదులో రివిజన్ వేస్తే అక్కడ ఇంకో వకీలును పెట్టుకోవాల్సి వచ్చింది. 2019 జనవరిలో హైకోర్టు అమరావతికి మారాక ఆ కాగితాలు ఎటు పోయాయో తెలుసుకోవడానికే మూడు నెలలు. ఈ మధ్య మేడమ్ మీద కేసులు ఎక్కువయ్యాయి. ఒకప్పుడు గంట కూర్చోబెట్టి మాట్లాడేది, ఇప్పుడు పదిహేను నిమిషాలు. పెద్దాయనకు చెవి సరిగ్గా వినపడదు, కోర్టుకు పోవడం తగ్గించాడు, గొంతు మాత్రం తగ్గలేదు. ఆడవాళ్లు వస్తే "ఇంట్లో మొగోళ్లు లేరా?" అని అడిగేవాడు మొదట్లో. కూతురు అందరి ముందే కసిరాక మానుకున్నాడు.

డబ్బు కట్టలేని ఆడమనిషి ఎవరైనా వస్తే మేడమే కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు పంపిస్తుంది. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. వచ్చిన ఫీజును అలా పక్కకు పంపే ఆఫీసులు నేను ఎక్కువ చూడలేదు.

పోవాలనుకుంటే సాయంత్రం ఆరు తర్వాత పోండి, ఆదివారం పొద్దున కూడా ఉంటారు. జెరాక్సులు కాకుండా అసలు కాగితాలు తీసుకుపోండి. మేడమ్ కాపీలు తీసుకుని అసలువి అదే రోజు చేతికిచ్చేస్తుంది. ప్రభుత్వ రికార్డుల సర్టిఫైడ్ నకళ్లు ముందే తీసి పెట్టుకోమని కూడా చెబుతుంది. 2024 జూలైలో మదనపల్లె సబ్‌కలెక్టర్ ఆఫీసులో ఫైళ్లు కాలిపోయినప్పటి నుంచి ఆ మాట ఎక్కువైంది. పెద్దాయన ఒక్కడే ఉంటే, ఆయన కుడి చెవి వైపు కూర్చోండి. ఎడమది పూర్తిగా పోయింది.