గడ్డుకాలానికి ఏది మేలు: బంగారమా, నోట్లా, వడ్లా?

ధరలు నెలనెలా ఎగబాకి, బ్యాంకులు డబ్బు ఇవ్వక, కిరాణా కొట్టు షట్టరు దించేసే రోజు వస్తే ఇంట్లో ఏముండాలి? నల్గొండలో అడిగినా పాలమూరులో అడిగినా చాలామంది ఠక్కున చెప్పేది బంగారమే. నా లెక్కలో మాత్రం ముందు తిండిగింజలు, తర్వాత చిన్న నోట్లు, బంగారం ఆ తర్వాతే.

2022లో శ్రీలంకను చూశాం. విదేశీ అప్పులు కట్టలేమని ఆ దేశం ఏప్రిల్‌లో చేతులెత్తేసింది. డాలరుకు 200 దగ్గరున్న వాళ్ల రూపాయి 360 దాకా పడిపోయింది, సెప్టెంబరుకల్లా ధరల పెరుగుదల 70 శాతానికి చేరింది. బంగారం ఉన్నవాళ్ల ఆస్తి విలువ ఆ దెబ్బకు కరిగిపోలేదు. అయినా గ్యాస్ బండకు, పెట్రోలుకు వాళ్లూ లైన్లో నిలబడాల్సిందే. పదిమందీ ఒకేసారి అమ్మడానికి పోతే కొనేవాడు చెప్పిందే ధర. రెండు కిలోల కందిపప్పు కోసం తులం గొలుసు తెంచి ఇవ్వలేం కదా. కొనేదుంటే హారాల జోలికి పోకుండా గ్రాము, రెండు గ్రాముల బిళ్లలు కొనండి, తరుగు, మజూరీ కింద పోయేది తగ్గుతుంది. కుదువ పెట్టి గండం గట్టెక్కుదామనుకునే వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36, మూడేళ్లు తిరిగేసరికి వడ్డీయే అసలును దాటేస్తుంది.

నోట్ల సంగతి మనకు 2016 నవంబర్ 8 రాత్రే తెలిసింది. చెలామణిలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం 500, 1000 నోట్లే, అవి రాత్రికి రాత్రి చెల్లకుండా పోయాయి. ఆ రోజుల్లో వంద నోట్లున్న ఇల్లే కాస్త నెమ్మదిగా ఉంది. అందుకే నెల, రెండు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు వందలు, యాభైల్లో ఇంట్లో ఉంచుకోవడం మంచిది. అంతకు మించి వద్దు, ధరలు పెరిగేకొద్దీ అది ఉత్త కాగితమవుతుంది.

బ్యాంకులో దాచింది మునిగితే ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల దాకా బీమా ఉంది. 2021లో చట్టం మార్చి, లావాదేవీలు ఆపేసిన బ్యాంకుల ఖాతాదారులకు ఆ సొమ్ము 90 రోజుల్లో ఇవ్వాలన్నారు. పెద్ద మొత్తం ఉన్నవాళ్లు రెండు మూడు బ్యాంకుల్లో సర్దుకోవాలి. సరే, ఆ 90 రోజులు ఏం తినాలి?

నలుగురున్న ఇంటికి నెలకు యాభై కిలోల బియ్యం అనుకుందాం. మూడు నెలలకు క్వింటాలున్నర. క్వింటా వడ్లు పట్టిస్తే 65 కిలోల దాకా బియ్యం వస్తాయి కాబట్టి రెండున్నర క్వింటాళ్ల వడ్లు చాలు. బియ్యంగా దాస్తే ముక్కపురుగు పడుతుంది, వడ్లకు పొట్టే రక్ష. అయితే మిషన్ కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి, కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దాకా తీసుకుంటారు. దాచుకోవడానికి ఆ తేమ పనికిరాదు, 12 శాతానికి దిగాలి. గింజను పంటి కింద వేస్తే పటుక్కున విరగాలి. మెత్తగా నలిగితే టార్పాలిన్ మీద ఇంకో రెండెండలు కొట్టనివ్వాలి. సంచుల మధ్య వేపాకు వేసి, చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టాలి.

వడ్ల కంటే కూడా జొన్నల మీద నాకు నమ్మకం ఎక్కువ. కరెంటు లేకుంటే రైసు మిల్లు నడవదు. జొన్నలకు ఇసుర్రాయి చాలు, గటక వండుకోవచ్చు. పక్కన ఎర్రమట్టి పట్టించిన కందులు ఓ యాభై కిలోలుంటే పిల్లలకు పప్పు లోటుండదు.

నీళ్ల దగ్గర మాత్రం మన నల్గొండ జిల్లాకు వేరే టెన్షన్ ఉంది. కరెంటు పోతే మిషన్ భగీరథ నల్లా ఆగుతుంది, బోరు మోటరూ ఆగుతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు చేతిబోరు ఉన్నా ఫ్లోరైడ్ బాధ ఉండనే ఉంది. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆ ఊళ్లలో ఇంటి మీది వాన నీళ్లను పట్టే తొట్టి కట్టుకోవడం తులం బంగారం కొనడం కంటే అవసరం.

వాడంతా పస్తులుంటే ఒక్కరి గాదె నిలవదు. తలుపుకు రెండు తాళాలు వేసుకునే కన్నా, మహిళా సంఘంలోని పదిమందీ తలో సంచి పక్కన పెట్టడం మేలని నా అభిప్రాయం. 2020 లాక్‌డౌన్‌లో కూలి ఆగగానే వలస జనం మూటాముల్లె సర్దుకుని ఎందుకు ఊరిబాట పట్టారో అందరికీ తెలుసు. అలా తిరిగొచ్చే వాళ్లకు కూడా ఊళ్లో గింజలుండాలి.

భూమి కౌలుకిచ్చి హైదరాబాద్‌లో ఉంటున్న మన పాలమూరు వాళ్లు ఈ వానాకాలం కౌలులో కొంత భాగం డబ్బుగా కాకుండా వడ్లుగా ఇమ్మని అడగండి. సొంతంగా పండించే అన్నలు, అక్కలు కల్లంలోనే ఇంటి మందం తీసి ఆరబోయండి, మిగిలిందే కొనుగోలు కేంద్రానికి తోలండి.