చలికాలంలో పిండి పులియడానికి ఎస్‌టీసీ-1000: చాన్నాళ్లు వాడాక

ధనుర్మాసం వచ్చిందంటే శ్రీకాకుళంలో మా ఇంట్లో ఇడ్లీపిండి మొండికేస్తుంది. రాత్రి గిన్నెలో ఎంతుందో తెల్లారికీ అంతే. పొయ్యి పక్కన పెట్టినా, దుప్పటి కప్పినా ఒకరోజు పొంగితే ఇంకోరోజు పొంగదు. ఎస్‌టీసీ-1000 అనే టెంపరేచర్ కంట్రోలర్, అంటే సెన్సార్‌తో వేడి కొలిచి హీటర్‌ని తనే వేసి ఆపే పరికరం, కొన్నాక ఆ టెన్షన్ పోయింది. కొన్ని చలికాలాలుగా వాడుతున్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

ఇంట్లో బీరు తయారుచేసుకునేవాళ్లలో ఇది బాగా వాడుకలో ఉన్న పరికరం. ఏల్ అనే బీరు రకం ఈస్ట్‌కి 18 నుంచి 22 డిగ్రీలు, లాగర్ అనే రకానికి 10 డిగ్రీల చుట్టుపక్కల కావాలి. అందుకే ఇందులో రెండు రిలేలు (తమంతట తామే పడి ఆగే స్విచ్చులు) ఉంటాయి, ఒకటి హీటర్‌కి, ఒకటి ఫ్రిజ్‌కి. మన పిండికి మొదటిది చాలు.

రొయ్యలకు ఐసు వేసి పంపే థర్మాకోల్ పెట్టె ఒకటి తెచ్చి, లోపల పాతరకం, ఫిలమెంట్ ఉన్న జీరో వాట్ బల్బు పెట్టాను. పేరుకే జీరో, 15 వాట్ల దాకా లాగుతుంది. ఆ వేడి చాలు. పెద్ద బల్బు పెడితే అది ఆరాక కూడా గిన్నె వేడెక్కుతూనే ఉంటుంది. అంచుల్లో పిండి పుల్లగా, నడుమ చప్పగా తయారవుతుంది. బల్బు తగిలితే థర్మాకోల్ కరుగుతుంది కాబట్టి దానిమీద చిల్లులు పొడిచిన రేకు డబ్బా బోర్లించాను.

అసలు కిటుకంతా సెన్సార్ పెట్టే చోటులో ఉంది. గాల్లో వేలాడదీస్తే పెట్టెలో గాలి కాసేపట్లోనే 29 డిగ్రీలకి చేరి బల్బు ఆరిపోతుంది, పిండి మాత్రం చల్లగానే ఉంటుంది. సెన్సార్‌ను గిన్నె పక్కకు టేపుతో అతికించి, పైన స్పాంజి ముక్క కప్పాలి. బీరు చేసేవాళ్లూ ఇలాగే చేస్తారు. ఈస్ట్ జోరుగా పనిచేసేటప్పుడు తనే వేడి పుట్టిస్తుంది, పాత్ర గదికన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. గాలిని కొలిస్తే లోపలి సంగతి తెలియదు.

సెట్టింగుల్లో ఎఫ్1 (కావాల్సిన వేడి) 29, ఎఫ్2 (ఎంత తగ్గితే మళ్లీ వెలగాలో) 0.5 పెట్టాను. 28.5కి దిగితే బల్బు వెలుగుతుంది, 29కి ఆరుతుంది. ఎఫ్3 ఫ్రిజ్ కంప్రెసర్ కోసం, దాని జోలికి వెళ్లక్కర్లేదు. ఎఫ్4 మాత్రం వదలొద్దు, సెన్సార్ చూపే తేడాను సరిచేసేది అదే. ఐసు ముక్కలు నిండుగా వేసిన నీళ్లలో సెన్సార్ ముంచితే 0 చూపాలి. నాది 0.8 ఎక్కువ చూపింది, అక్కడే సరిచేశాను.

ఇప్పుడు తెల్లారి మూత తీస్తే పిండి గిన్నె అంచుదాకా ఉంటుంది. గరిటె దింపితే చిన్న బుడగలు పగిలే చప్పుడు వినిపిస్తుంది. ఇడ్లీ సరే, మినపరొట్టె గుల్లగా వస్తోంది. చోడి (రాగి) అంబలికీ ఇదే పెట్టె. పెరుగుకైతే 42 డిగ్రీలు కావాలి, ఈ చిన్న బల్బు చాలదు.

శివరాత్రి దాటాక దీంతో పనిలేదు. ఇంకోమాట, దీనికి ప్లగ్గు ఉండదు, వెనక 220 వోల్టుల టెర్మినళ్లు తెరిచే ఉంటాయి. వాటిని డబ్బాలో పెట్టి సరిగ్గా బిగించే ఎలక్ట్రీషియన్ దొరికాకే కొనండి.