సికింద్రాబాద్ చర్చి హాల్లో కతోలిక ఫాదర్లు పెళ్ళెందుకు చేసుకోరన్న దాని మీద ఆదివారం క్లాసులు, అమ్మని తీసుకెళ్ళా - 5కి 4

మా తమ్ముడు డిగ్రీ అయిపోగానే కతోలిక ఫాదర్ అవ్వడానికి సెమినరీలో చేరతా అన్నాడు, ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే గోల. అమ్మ బాధేంటంటే ఫాదర్ అయితే అవ్వనీ గానీ పెళ్ళెందుకు చేసుకోకూడదు, పక్క వీధి సీఎస్ఐ (ప్రొటెస్టెంట్ చర్చి) పాస్టర్‌గారికి ఇద్దరు పిల్లలు, ఆయన దేవుడి పని చెయ్యట్లేదా అని. నా దగ్గర జవాబు లేదు. అప్పుడే తెలిసినావిడ ఈ క్లాసుల గురించి చెప్పింది, నాలుగు ఆదివారాలు, సాయంత్రం తెలుగు పూజ అయ్యాక గంటన్నర, మనిషికి 100, టీ, జిరాక్స్ కాయితాలు అందులోనే.

మొదటి రోజే ఫాదర్ బైబిల్ అమ్మ చేతిలో పెట్టి మార్కు ఒకటో అధ్యాయం చదవమన్నారు. పేతురు అత్త జ్వరంతో పడుకుందని ఉంటుంది కదా, అక్కడ ఆగి "అత్త ఉందంటే పెళ్ళయినట్టేగా" అంది అమ్మ. అవునమ్మా, మొదట్లో పెళ్ళయిన గురువులు, అంటే ఫాదర్లు, ఉన్నారు అన్నారు ఆయన. నాలుగో శతాబ్దం మొదట్లో స్పెయిన్‌లో ఎల్విరాలో జరిగిన బిషప్పుల సభ పెళ్ళయిన గురువులు కూడా భార్యకి దూరంగా ఉండాలందంట, తర్వాత 1139లో రోములో జరిగిన రెండో లాటరన్ సభ పట్టం (గురువుగా అభిషేకం) తీసుకున్నాక చేసుకున్న పెళ్ళి అసలు చెల్లదని తేల్చేసింది.

నేనేమో ఇదంతా ఆస్తుల కోసమే అని విని ఉన్నా, అదే అడిగా. ఆయన దాటెయ్యలేదు, చర్చి భూములు గురువుల కొడుకులకి పోతుంటే ఆపాల్సొచ్చింది నిజమే, 11వ శతాబ్దంలో ఏడో గ్రెగొరీ పాపుగారు గట్టిగా పట్టుకున్నారు, కానీ అదొక్కటే అయితే ఎల్విరా అంత ముందే ఎందుకు చెప్పింది అని నన్నే తిరిగి అడిగారు. ఇంకోటి శుద్ధి, అయ్యప్ప మాల వేసుకున్నోళ్ళు 41 రోజులు ఎలా ఉంటారో బలిపీఠం దగ్గరికెళ్ళేవాడు అలా ఉండాలన్న పాత ఆలోచన. అదే అసలు కారణం అంటే సంసారం మైల అన్నట్టు అవుతుంది, అందుకే ఇప్పుడు దాని మీద నిలబడట్లేదు అన్నారు. ఈ మాట నాకు చాలా నచ్చింది.

మూడో వారం మాత్రం మిస్ అవ్వకండి. పౌలు కొరింతీయులకి రాసిన మొదటి లేఖ ఏడో అధ్యాయం, పెళ్ళయినవాడి మనసు రెండు వైపులా లాగుతుంది, కానివాడు ప్రభువు పని మీదే ఉంటాడు అని. గురువులు పెళ్ళి చేసుకోకూడదన్నది విశ్వాస సత్యం కాదు, చర్చి పెట్టుకున్న నియమం, పాపుగారి కిందే ఉన్న యుక్రెయిన్ గ్రీకు కతోలికుల్లో పట్టానికి ముందు పెళ్ళయినవాళ్ళు గురువులవుతారు, మేత్రాణులు (బిషప్పులు) మాత్రం కారు అని కూడా చెప్పారు. సీఎస్ఐ పాస్టర్‌గారి గురించి అమ్మ మళ్ళీ అడగలేదు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, ఆఖరి రోజు ప్రశ్నలకి ఇరవై నిమిషాలే ఇచ్చారు. గురువుల ఒంటరితనం గురించి అడిగితే టైం అయిపోయింది అన్నారు, నాకు చాలా బాధేసింది, తమ్ముడి విషయంలో నా భయమే అది. ఆ రాత్రి అన్నం పెడుతూ అమ్మ వాడిని అదే అడిగింది, "అర్ధరాత్రి జ్వరమొస్తే నీకు నీళ్ళెవరిస్తార్రా" అని. వాడు ఏం చెప్పలేదు.

పార్కింగ్ తక్కువ, ఆటోలో వెళ్ళండి. పెద్దవాళ్ళుంటే ముందు వరసలో కూర్చోబెట్టండి, వెనక్కి మైక్ సరిగ్గా వినపడదు.