పురావస్తు రుజువుల పేరుతో అమ్ముతున్న ఇశ్రాయేలు చరిత్ర పుస్తకం: కొనేముందు జాగ్రత్త

మా సంఘంలో యువతకు పాత నిబంధన కాలపు చరిత్ర చెప్పే బాధ్యత నాది. అందుకే, ఇశ్రాయేలీయుల పుట్టుపూర్వోత్తరాలకు తవ్వకాల్లో తిరుగులేని రుజువులు దొరికాయన్న ప్రకటన చూసి, ఒక ఆన్‌లైన్ విక్రేత వద్ద 1,450 రూపాయలకు ఒక సచిత్ర గ్రంథాన్ని తెప్పించుకున్నాను. అట్ట, ముద్రణ బాగానే ఉన్నాయి గానీ, లోపలి విషయం పాఠకుణ్ణి తప్పుదోవ పట్టించేలా ఉంది.

యెహోషువ నాయకత్వంలో ఇశ్రాయేలీయుల ముందు గోడలు కూలాయని బైబిలు చెప్పే యెరికో పట్టణం అధ్యాయంలో, 1930లలో అక్కడ తవ్విన జాన్ గార్‌స్టాంగ్, కూలిన ప్రాకారాన్ని యెహోషువ కాలానిదిగా, అంటే క్రీ.పూ. 1400 ప్రాంతానిదిగా నిర్ణయించిన సంగతి రెండు పేజీల నిండా ఉంది. అదే దిబ్బను 1952 నుంచి 1958 వరకు తవ్వి, ఆ గోడ అంతకు దాదాపు వెయ్యేళ్లు పాతదని, పట్టణం క్రీ.పూ. 1550 ప్రాంతంలోనే నాశనమైందని తేల్చిన కాథ్లీన్ కెన్యన్ పేరు మాత్రం పుస్తకంలో ఎక్కడా లేదు. ఇది పొరపాటున జారిపోయే పేరు కాదు.

నన్ను ఎక్కువ బాధించింది ఐగుప్తు రాజు మెర్నెప్తా శిలాశాసనం పేజీ. 1896లో ఫ్లిండర్స్ పేట్రీ ఐగుప్తులో కనుగొన్న ఈ శాసనం క్రీ.పూ. 1208 నాటిది, ఇశ్రాయేలు పేరు స్పష్టంగా కనిపించే అతి పాత ఆధారం ఇదే. అందులో కనాను పట్టణాలైన అష్కెలోను, గెజెరు పేర్ల చివర పరదేశాన్ని తెలిపే మూడు కొండల గుర్తు ఉంటుంది. ఇశ్రాయేలు పేరు చివర మాత్రం కూర్చున్న పురుషుడు, స్త్రీ, మూడు గీతలు ఉంటాయి. అంటే అప్పటికి వారు కనానులో ఉన్న ఒక జనసమూహమే తప్ప, స్థిరపడిన రాజ్యం కాదని పండితులు గ్రహిస్తున్నారు. పుస్తకంలో ఆ ఫొటోను తపాలా బిళ్లంత చేసి, కింద "ఇశ్రాయేలు రాజ్యం" అని రాశారు.

కనాను కొండసీమలో క్రీ.పూ. 1200 తరువాత వందలాదిగా వెలసిన చిన్న పల్లెలు, పంది ఎముకలు దాదాపు కనిపించని వాటి చెత్తకుప్పలు, కనానీయుల కుండలను పోలిన వాటి కుండలు, ఇశ్రాయేలీయులలో చాలామంది అక్కడివారేనన్న వాదానికి మూలమైన ఈ ఆధారాలన్నిటికీ ఒక్క పేరా కూడా దక్కలేదు.

పుస్తకం చిరిగి వస్తేనే వెనక్కి తీసుకుంటామని విక్రేత జవాబిచ్చారు. కాబట్టి డబ్బు కట్టకముందే యెరికో అధ్యాయం మాదిరి పేజీలు అడిగి తెప్పించుకుని, కెన్యన్ తవ్వకాల ప్రస్తావన ఉందో లేదో చూసుకోండి. ఎర్రసముద్రం అడుగున ఫరో సైన్యపు రథచక్రాలు దొరికాయన్న ఆధారం లేని ప్రచారాన్ని నిజమని రాసి ఉంటే మాత్రం అసలు కొనవద్దు.