పవర్ లెక్కా, ఇంటర్వల్ లెక్కా? ఇమేజింగ్ అధ్యయనానికి శాంపుల్ సైజు తేల్చడంలో ఏది మేలు

"పవర్ 80 శాతం, ఆల్ఫా 0.05, కాబట్టి 100 మంది" అని ప్రోటోకాల్‌లో కనిపిస్తే ముందు అడగాల్సింది ఒకటే: దేన్ని పట్టుకోవడానికి ఆ పవర్? పవర్ అంటే నిజంగా ఉన్న తేడాను పట్టుకునే అవకాశం, ఆల్ఫా అంటే లేని తేడాను ఉందని పొరబడే అవకాశం. ఒక స్కాన్ సెన్సిటివిటీ (జబ్బు ఉన్నవాళ్లలో ఎంత శాతం మందిని పట్టుకుంటుందన్నది) ఎంతో కొలవడమే అధ్యయనం పనైతే అక్కడ పరీక్షించడానికి హైపోథీసిస్ ఏదీ ఉండదు. అంచనా ఎంత ఇరుకుగా రావాలన్నదే ప్రశ్న. రెండు స్కాన్లను పోల్చి ఒకటి మెరుగని తేల్చాలంటే మాత్రం పవర్ లెక్క తప్పదు. ఈ రెంటినీ కలగాపులగం చేయడం వల్లనే చాలా అధ్యయనాలు తప్పు సంఖ్యతో మొదలవుతాయి.

ముందు ఇంటర్వల్ లెక్క. సెన్సిటివిటీ 90 శాతం ఉంటుందనుకుందాం. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు విలువ ఉండొచ్చనుకునే హద్దులు) అటూ ఇటూ 5 శాతం పాయింట్లకు మించకూడదు. 1.96² × 0.90 × 0.10 ÷ 0.05² లెక్క కడితే 138.3 వస్తుంది, అంటే 139 మంది. ఈ 139 మందీ జబ్బు ఉన్నవాళ్లే, మొత్తం రోగులు కాదు. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. స్కాన్‌కు వచ్చేవాళ్లలో 20 శాతానికే జబ్బు ఉంటే 139 ÷ 0.20 = 695 మందిని చేర్చుకోవాలి. స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లలో లేదని సరిగ్గా చెప్పే శాతం) 85 శాతం, అదే ఇరుకుదనం అనుకుంటే జబ్బు లేనివాళ్లు 196 మంది కావాలి, 0.80తో భాగిస్తే 245. రెండింట్లో పెద్దది, అంటే 695 తీసుకోవాలి. ప్రివలెన్స్‌ను (వచ్చేవాళ్లలో జబ్బు ఉన్నవాళ్ల శాతాన్ని) ఇలా లెక్కలోకి తెచ్చే పద్ధతిని 1996లో బుడెరర్ వివరంగా చెప్పారు.

695 మంది వచ్చినంత మాత్రాన 139 మంది జబ్బువాళ్లు దొరుకుతారన్న హామీ లేదు. 139 అనేది సగటు. దాదాపు సగం సార్లు అంతకన్నా తక్కువే వస్తారు. 95 శాతం భరోసా కావాలంటే సుమారు 790 మందిని చేర్చాలి. లేదా జబ్బువాళ్లు 139 మంది అయ్యేదాకా చేర్చుకుంటూ పోతామని ప్రోటోకాల్‌లోనే రాసుకోవాలి.

అసలు సెన్సిటివిటీ అనుకున్నంత లేకపోయినా ఇంటర్వల్ పెరుగుతుంది: 139 మందిలో 82 శాతమే వస్తే 5కు బదులు 6.4 పాయింట్లు అవుతుంది. పైన వాడిన మామూలు సూత్రం 95 శాతం దాటితే నమ్మదగింది కాదు. 20కి 20 కేసులూ పట్టుకున్న స్కాన్‌కు ఆ సూత్రం ప్రకారం ఇంటర్వల్ వెడల్పు సున్నా! క్లాపర్-పియర్సన్ అనే ఎగ్జాక్ట్ (ఉజ్జాయింపు వాడని) పద్ధతిలో కింది హద్దు 83 శాతమే. ఒక్కటీ జారవిడవకుండా కింది హద్దు 95 శాతానికి చేరాలంటే 72 కేసులు కావాలి. అంత ఎత్తున ఉన్న సెన్సిటివిటీకి విల్సన్ పద్ధతిలోనో ఎగ్జాక్ట్ పద్ధతిలోనో లెక్కించాలి.

ఇక పోలిక. పాత స్కాన్ సెన్సిటివిటీ 80 శాతం, కొత్తది 90 శాతం, పవర్ 80 శాతం, రెండు వైపుల ఆల్ఫా 0.05. ఒక్కో రోగికి ఒక్క స్కానే తీస్తే గుంపుకు 199 మంది చొప్పున 398 మంది జబ్బువాళ్లు కావాలి. 20 శాతం ప్రివలెన్స్‌తో మొత్తం 1,990 మంది. అదే ప్రతి రోగికీ రెండు స్కాన్లూ తీసి మెక్‌నెమార్ పరీక్ష (జతలుగా వచ్చిన అవును-కాదు ఫలితాలను పోల్చేది) వాడితే సంఖ్య ఒక్కసారిగా తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది రెండు స్కాన్లూ ఎంతమందిలో విభేదిస్తాయన్నదాన్ని బట్టి ఉంటుంది. విభేదం 14 శాతం మందిలో ఉంటే 108 మంది జబ్బువాళ్లు చాలు. 20 శాతమైతే 155. రెండు స్కాన్ల పొరపాట్లకు ఒకదానితో ఒకటి సంబంధమే లేకపోతే విభేదం 26 శాతానికి చేరి 202 మంది కావాల్సి వస్తుంది. ఒకే శరీరాన్ని చూసే రెండు స్కాన్లు సాధారణంగా అంత విడివిడిగా తప్పు చేయవు. చిన్న పుండు (లీజన్) రెంటికీ కష్టమే.

కాబట్టి పోలికకు ప్రతి రోగికీ రెండు స్కాన్లూ తీసే జత డిజైన్‌దే పైచేయి. చిక్కల్లా ఆ విభేద శాతం ముందుగా తెలియకపోవడమే. పాత వ్యాసాల్లో సెన్సిటివిటీ ఇస్తారు గానీ రెండు స్కాన్ల ఫలితాలను జతగా చూపే నాలుగు గళ్ల పట్టిక ఇవ్వరు. అందుకే మొదటి కొన్ని పదుల కేసుల తర్వాత విభేదాన్ని మాత్రం చూసి (ఏ స్కాన్ మెరుగో చూడకుండా) సంఖ్యను సవరించే నిబంధన పెట్టుకోవడం మంచిది. రెండోసారి రేడియేషన్‌కో కాంట్రాస్ట్‌కో గురిచేయడం సబబు కానప్పుడు, మొదటి స్కాన్ ఫలితం చికిత్సనే మార్చేస్తున్నప్పుడు జత డిజైన్ కుదరదు. అప్పుడు 1,990 మందికి సిద్ధపడక తప్పదు.

కొలమానం ఏయూసీ (ఆర్‌ఓసీ వక్రరేఖ కింది వైశాల్యం; 1 అంటే జబ్బు ఉన్నవాళ్లను, లేనివాళ్లను పూర్తిగా వేరుచేసినట్టు, 0.5 అంటే బొమ్మా బొరుసుతో సమానం) అయితే 1982లో హాన్లీ, మెక్‌నీల్ ఇచ్చిన సూత్రం ఇంకా పనికొస్తుంది. ఏయూసీ 0.85, జబ్బు ఉన్నవాళ్లు 50, లేనివాళ్లు 50 ఉంటే స్టాండర్డ్ ఎర్రర్ (అంచనా ఎంత ఊగిసలాడుతుందన్నది) 0.039. అంటే ఇంటర్వల్ సుమారు 0.77 నుంచి 0.93 దాకా. వంద మంది అధ్యయనం "అద్భుతం" అని ప్రకటించినప్పుడు ఈ వెడల్పు గుర్తుంచుకోవాలి.

పైన చెప్పినవన్నీ స్కాన్ చదివేవాళ్లను (రీడర్లను) పట్టించుకోని లెక్కలు. స్కాన్‌ను చూసేది రేడియాలజిస్టులు, ఒక్కొక్కరి చూపు ఒక్కో రకం. ఫలితం అధ్యయనంలో చదివిన ముగ్గురు నలుగురికే కాక రేడియాలజిస్టులందరికీ వర్తించాలంటే అనేక రీడర్లు, అనేక కేసుల డిజైన్‌లోకి దిగాలి. 1992లో డార్ఫ్‌మన్, బెర్బామ్, మెట్జ్ ఇచ్చిన పద్ధతి, 1995లో ఒబుచోవ్‌స్కీ, రాకెట్ ఇచ్చిన పద్ధతి ఇందుకోసమే. ఇక్కడ రీడర్ల మధ్య తేడా కేసులు పెంచినా తగ్గదు. ముగ్గురు రీడర్లతో వెయ్యి కేసులు చదివించే బదులు పదిమందితో రెండువందలు చదివించడం తరచూ లాభం. మొత్తం రీడింగులు కూడా తక్కువే: 3,000 బదులు 2,000. అయితే ఇందులో వేరియన్స్ భాగాల (మొత్తం తేడాలో రీడర్ల వాటా ఎంత, కేసుల వాటా ఎంత) అంచనాలు కావాలి. పైలట్ (చిన్న ముందస్తు అధ్యయనం) లేకుండా వాటిని ఊహించి రాయడం అంటే సంఖ్యను ఊహించి రాయడమే.

పుండ్లను లెక్కించే అధ్యయనాల్లో ఇంకో ఉచ్చు ఉంది. ఒకే రోగిలోని మూడు పుండ్లు మూడు స్వతంత్ర కేసులు కావు. సగటున 3 పుండ్లు, వాటి మధ్య కోరిలేషన్ (ఫలితాలు ఎంత ఒకేలా ఉంటాయన్నది) 0.4 అయితే గుణకం 1 + (3 − 1) × 0.4 = 1.8. మొదటి 139 కాస్తా 251 పుండ్లు అవుతుంది, అంటే 84 మంది రోగులు. గుణకం మరిచిపోతే 47 మందితో సరిపెట్టేస్తారు.

ఒకదాన్నే రెండు పద్ధతుల్లో కొలిచి కొలతల పొంతన చూసే బ్లాండ్-ఆల్ట్‌మన్ అధ్యయనాలకు పూర్తిగా ఇంటర్వల్ లెక్కే సరి. 95 శాతం తేడాలు పడే రెండు హద్దుల్లో ఒక్కో హద్దు ఇంటర్వల్ 30 మందితో అటూ ఇటూ 0.62 ఎస్‌డీ (తేడాల స్టాండర్డ్ డీవియేషన్), 100 మందితో 0.34 ఎస్‌డీ ఉంటుంది.

ఏ దారిన వచ్చిన సంఖ్యనైనా చివర్లో వృథాకు పెంచాలి: కదలికతో చెడిన స్కాన్లు, బయాప్సీకి రానివాళ్లు. 10 శాతం పోతారనుకుంటే 1.1తో గుణించకూడదు, 0.9తో భాగించాలి: 695కి 773, 765 కాదు. బయాప్సీ స్కాన్ పాజిటివ్ వచ్చినవాళ్లకే చేస్తుంటే మాత్రం ఈ పెంపు ఏమీ సరిచేయదు. జారిపోయిన జబ్బువాళ్లు లెక్కలోకే రారు, ఎంతమందిని చేర్చినా సెన్సిటివిటీ ఎక్కువగానే కనిపిస్తుంది.