కరెంటుతో తుప్పు వదిలించడం: కొన్నేండ్లు వాడినాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తా, ఈ పద్ధతి బాగుండాది, నమ్మి చేయొచ్చు, కాకపోతే ఓపిక లేనోళ్లకు కాదు. బట్టల సోడా కలిపిన నీళ్లలో తుప్పు పట్టిన సామాను ముంచి 12 వోల్టుల కరెంటు పెడతారే, ఎలక్ట్రాలిసిస్, దాని గురించే. మాది అనంతపురం పక్కన పల్లె, సేద్యం సామాన్లు ఎట్లానూ ఉంటాయి, వాటితో బాటు పాతూరు పక్క గుజరీ అంగళ్లలో దొరికే పాత పానాలు, వైసులు, సుత్తెలు తెచ్చి బాగుచేసుకునే పిచ్చి నాకు చానా రోజుల నుంచి ఉండాది, కాబట్టి ఇది ఒకసారి చేసి చూసి రాస్తాండేది కాదు.

మా పక్క వాన తక్కువ కాబట్టి తుప్పు గూడా తక్కువ అనుకుంటారు బయటోళ్లు. అట్లేం లేదు. శెనక్కాయ విత్తనం అయిపోతానే గొర్రు, గుంటక మట్టితోనే కొట్టంలో పడేస్తాం, ఆ తడి మట్టి కింద ఇనుము నిదానంగా తినేసుకుంటా పోతాది, మళ్లీ మృగశిర కార్తెకు బయటికి తీసేటప్పటికి గుంటక పాస (నేలను కోసే ఇనుప బద్ద) అంతా ఎర్రగా పొరలు లేచి ఉంటాది. దానికి గ్రైండరు పెడితే తుప్పుతో బాటు మంచి ఇనుము గూడా పోతాది. యాసిడ్ సంగతీ అంతే, తుప్పు అయిపోయినాక ఇనుమును తినేకి మొదలుపెడతాది, మనం గడియారం చూసుకుంటా కూర్చోవల్ల. ఈ పద్ధతిలో ఆ భయం లేదు, తుప్పు పోయినాక ఇంకో రెండు గంటలు ఎక్కువున్నా మంచి ఇనుము చెక్కుచెదరదు. నాకు దీని మీద ఇంత నమ్మకం అందుకే.

సామాన్లు పెద్దగా ఏం లేవు. ఒక ప్లాస్టిక్ బకెట్టు గానీ డ్రమ్ము గానీ, కిరాణా అంగట్లో దొరికే బట్టల సోడా, నాలుగైదు ఇనుప కమ్మీ ముక్కలు, బ్యాటరీ చార్జరు. సోడా నాలుగు లీటర్ల నీళ్లకు ఒక పెద్ద చెంచా చాలు, ఎక్కువేస్తే తొందరగా పోతాదని గుప్పెళ్లు గుప్పెళ్లు పోయొద్దు, దాంతో ఒరిగేదేం లేదు. తినే సోడా కూడా పనిచేస్తాది గానీ కరెంటు అంత బాగా పారదు. కమ్మీలు బకెట్టు అంచు చుట్టూ నిలబెట్టి అన్నిటినీ ఒకే రాగి వైరుతో కలిపి ప్లస్‌కు తగిలించల్ల, తుప్పు సామాను నడిమధ్యలో వేలాడదీసి మైనస్‌కు తగిలించల్ల. ఇది తిరగబడిందా, మీరు కాపాడుకోవాలనుకున్న సామానే కరిగిపోతాది, కాబట్టి స్విచ్ వేసే ముందు ఇంకోసారి చూసుకోండి. సామాను కమ్మీలకు తగలగూడదు, తగిలితే షార్టే. ఇంకోటి, చానామంది పట్టించుకోనిది, మైనస్ క్లిప్పు తగిలించే చోట తుప్పు గీకి తెల్లటి ఇనుము కనపడేదాకా రుద్దల్ల, తుప్పు మీదనే క్లిప్పు పెట్టి బుడగలు రాలేదంటే ఎట్లా వస్తాయి? ప్లస్ క్లిప్పు మాత్రం నీళ్లకు పైనే ఉండల్ల, మునిగిందంటే అదీ తినేసుకుపోతాది.

చార్జరు పాతకాలం ట్రాన్స్‌ఫార్మర్ రకమైతే మేలు. ఇప్పుడొచ్చే ఆటోమేటిక్ వాటిల్లో చానా వరకు ఎదురుగా బ్యాటరీ ఉందని తెలిస్తేనే కరెంటు వదుల్తాయి, బకెట్టుకు తగిలిస్తే లైటు వెలిగి ఊరికే ఉంటాయి. పాత కంప్యూటర్ ఎస్ఎంపీఎస్, అంటే దానికి కరెంటిచ్చే డబ్బా, ఉన్నా సరే, పెద్ద కనెక్టర్లో ఆకుపచ్చ వైరును నల్ల వైరుతో కలిపితే ఆన్ అయితాది, పసుపు వైరు ప్లస్ 12, నల్లది మైనస్, డబ్బా మూత మాత్రం ఇప్పొద్దు. ఇంట్లో గోడ ప్లగ్గు నుంచి నేరుగా వైర్లు లాగి నీళ్లలో పెట్టే ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడే ఆపేయండప్పా, ప్రాణం పోతాది. కరెంటు బిల్లు గురించి అడిగేటోళ్లకు, మూడు ఆంపియర్లు పారిందనుకోండి, 12 వోల్టులకు 36 వాట్లు, పది గంటలు పెట్టినా అర యూనిట్ దాటడం కష్టం. మధ్యలో కరెంటు పోయినా నష్టం లేదు, సోడా నీళ్లు క్షారం కాబట్టి ఇనుము దాంట్లో అంత తొందరగా తుప్పు పట్టదు.

స్విచ్ వేసిన కొన్ని క్షణాలకే సామాను చుట్టూ సన్నటి బుడగలు పొగ మాదిరి లేస్తాయి, అది హైడ్రోజన్. గంట తర్వాత పోయి చూస్తే నీళ్ల మీద నారింజ రంగు నురగ మందంగా తేలుతుంటాది, కమ్మీలకు ఎర్ర బురద పట్టి ఉంటాది, సామాను మాత్రం నల్లబడి ఉంటాది. ఆ నలుపు చూసి పాడైందనుకోవద్దు, ఎర్ర తుప్పులో కొంత మ్యాగ్నటైట్ అనే నల్ల ఆక్సైడుగా మారతాది, పట్టు వదిలేసి ఉంటాది కాబట్టి ఇనుప బ్రష్షుతో నీళ్ల కింద రుద్దితే మసి పోయినట్టు పోతాది. ఒక పాత రింగు పానాను ఇట్లా రుద్దుతుంటే ముందు నల్లనీళ్లు కారి, తర్వాత ఒక పక్క 16, ఇంకో పక్క 17 అంకెలు, వాటి మధ్య కంపెనీ అక్షరాల అంచులు సుత్తి వేసినప్పుడు ఎట్లుండెనో అట్లే పదునుగా బయటపడినాయి, గ్రైండరు పెట్టుంటే ఆ అక్షరాలు ఎప్పుడో పోయుండేవి. అమెరికాలో 1862లో మునిగిపోయిన యూఎస్ఎస్ మానిటర్ యుద్ధనౌక ఫిరంగి గోపురాన్ని 2002లో సముద్రం నుంచి తీసినాక మ్యూజియంలో ఇదే సూత్రంతో శుభ్రం చేస్తాండారు, కాబట్టి ఇది చిట్కా వైద్యం కాదు.

తక్కువలేంటంటే, కరెంటు కమ్మీకి ఎదురుగా ఉన్న వైపే బాగా పనిచేస్తాది, వెనక పక్క మచ్చలు మిగిలిపోతాయి, అందుకే చుట్టూ కమ్మీలు పెట్టమనేది, అప్పుడప్పుడు సామాను తిప్పల్ల, కమ్మీల మీద బురద గీకల్ల. బిగుసుకుపోయిన నట్టు లోపలి మరల్లోకి ఇది పోదు, దానికి నూనె, వేడి, ఓపిక ఇవే. గుంతలు పడిన చోట గుంతలు అట్లే ఉంటాయి, పోయిన ఇనుము తిరిగి రాదు. పెయింటు కూడా చానాసార్లు ఊడిపోతాది. చిన్న స్క్రూలు, మేకులకు అయితే ఇంత తతంగం దండగ, నిమ్మ ఉప్పు నీళ్లలో వేసి పెట్టుకోండి.

ఈ మాట మాత్రం గట్టిగా చెప్పల్ల. కమ్మీ బదులు స్టెయిన్‌లెస్ స్టీలు చెంచాలు, గ్లాసులు ప్లస్‌కు పెట్టొద్దు, శుభ్రంగా ఉంటాయని కొందరు వీడియోల్లో చూపిస్తాండారు, దాంట్లోని క్రోమియం విషపు రకంగా నీళ్లలోకి దిగుతాది, అది క్యాన్సర్ తెచ్చేది. సోడా బదులు ఉప్పు వేయొద్దు, క్లోరిన్ గ్యాసు వస్తాది. జింకు పూసిన కమ్మీ, వైరు వద్దు. అల్యూమినియం సామాను ఆ నీళ్లలో ముంచొద్దు, సోడాకే తినేసుకుపోతాది. హైడ్రోజన్ అంటుకునే గ్యాసు కాబట్టి మూసిన గదిలో కాదు, మిద్దె మీదనో వాకిట్లోనో, బీడీ సిగరెట్టు పక్కన లేకుండా, క్లిప్పు తీసే ముందు స్విచ్ ఆపి మరీ తీయల్ల, నిప్పురవ్వ చాలు. స్ప్రింగులు, హైటెన్సైల్ (ఎక్కువ బలం తట్టుకునే) బోల్టులు, బాగా గట్టిపరచిన స్టీలు దీంట్లో పెట్టొద్దంటా నేను, హైడ్రోజన్ లోపలికి దూరి పెళుసు చేస్తాది, చూసేకి బాగుంటాది గానీ బరువు పడినప్పుడు టక్కున విరుగుతాది. పొలం సామాను, సుత్తి, వైసు, మామూలు పానాలకు ఆ బెంగ పెద్దగా లేదు.

బయటికి తీసినాక అసలు పని. కడిగి అట్లే వదిలేస్తే కండ్ల ముందరే పసుపు పొర పడతాది, అంత పచ్చిగా ఉంటాది ఆ ఇనుము. మంచి నీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, మన ఎండాకాలంలో అయితే కాలుతున్న కడప బండ మీద పెడితే నిమిషాల్లో సందుల్లో తడి గూడా ఆరిపోతాది, ఆ వేడి మీదనే ఇంజనాయిలో గ్రీజో పూయల్ల. శెనక్కాయ నూనె పూస్తారు కొందరు, అది కొన్నాళ్లకు జిగటెక్కి దుమ్ము పట్టుకుంటాది. గుంటక పాసకు మాత్రం నూనె పూసి కొట్టంలో పెట్టేముందు మట్టి పూర్తిగా కడగండి, లేదంటే వచ్చే ఏడు మళ్లీ బకెట్టే.

నీళ్లు ఒక వాడకానికే పారబోయొద్దు, తగ్గినంత నీళ్లు కలుపుకుంటా చానా సార్లు వాడుకోవచ్చు, సోడా ఎక్కడికీ పోదు. మరీ బురద అయినప్పుడు చెట్లకు కాకుండా గులకరాళ్ల నేల మీద పోయండి. కమ్మీలు పెన్సిల్ కంటే సన్నబడితే మార్చేయండి, ఇల్లు కట్టేచోట మిగిలిన ముక్కలైనా, గుజరీ అంగట్లో కిలో లెక్కన తెచ్చినవైనా సరిపోతాయి.