బ్లూచరా, బ్రెడోనా? గుర్రపుదళం నడపడంలో ఎవరు మేలు?

పాత జర్మన్ రాజ్యం ప్రష్యా చేసిన యుద్ధాల ప్రస్తావన వస్తే చాలు, దాని సేనానులు ఇద్దరి గురించి ఈ ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. చాలామంది ఓటు బ్లూచర్‌కే. నెపోలియన్ ఓడిన వాటర్లూ యుద్ధం పేరు అలాంటిది మరి.

ఆయన్ని తక్కువ చేయలేను. 1815 జూన్ 16న, వాటర్లూకి రెండు రోజుల ముందు, లిగ్నీ పోరులో గుండు తగిలి గుర్రం ఆయన మీదే కూలింది. ఫ్రెంచి రౌతులు పక్కనుంచే దూసుకుపోతుంటే, సహాయకుడు నోస్టిట్స్ వదలకుండా కాపు కాశాడు. 72 ఏళ్ల మనిషి ఒళ్లు హూనమైనా రెండో రోజుకల్లా సైన్యంతో వాటర్లూ చేరాడు. ఆ గుండె ధైర్యానికి దండం పెట్టాలి. కానీ అప్పటికి ఆయన నడిపేది మొత్తం సైన్యాన్ని. లిగ్నీలో ఓడాక వావ్ర్ పట్టణం వైపు వెనక్కి తగ్గాలన్న కీలక నిర్ణయం కూడా ఆయన సైన్యపు ముఖ్య వ్యూహాధికారి గ్నైసెనావ్‌ది.

నా దృష్టిలో గుర్రపుదళం సేనాని పనితనం నేలను చదవడంలో తెలుస్తుంది. అందుకే నా ఓటు బ్రెడోకి.

1870 ఆగస్టు 16, ఫ్రాన్స్-ప్రష్యా యుద్ధంలో మార్స్-లా-తూర్ పోరు. ఫ్రెంచి ఫిరంగులు ప్రష్యా కాల్బలాన్ని చీల్చేస్తున్నాయి. వాటి నోరు మూయించమని బ్రెడోకి కబురొచ్చింది. ఆయన దగ్గరున్నవి రెండే రెజిమెంట్లు: 7వ కవచదళం, బల్లేలు పట్టిన 16వ ఉలాన్ దళం. అంతా కలిపి సుమారు 800 మంది. దీన్ని గుడ్డి తెగింపు అంటే నాకు బాధేస్తుంది. వియోన్‌విల్ ఊరికి ఉత్తరాన ఉన్న పల్లంలోంచి, ఫిరంగుల పొగ చాటున గుర్రాల్ని తీసుకెళ్లాడు. శత్రువు తేరుకునేలోపే ఫిరంగుల మీద పడ్డాడు. అక్కడితో ఆగకుండా దళం ఇంకా ముందుకు దూసుకుపోయింది. గుర్రాలు రొప్పుతున్న వేళ ఫ్రెంచి రౌతులు విరుచుకుపడ్డారు. దాదాపు సగంమంది పోయారు. అయినా ఆ వైపు ఒత్తిడి తగ్గింది, ప్రష్యా వరుస నిలబడింది.

అదే యుద్ధంలో, సెప్టెంబరు 1న సెడాన్ దగ్గర ఫ్లోయింగ్‌ ఊళ్లో ఫ్రెంచి రౌతులూ అంతే ధైర్యంగా దూకారు. అయితే వాళ్లకి చాటు లేదు. వాలు మీద తుపాకులకి ఎదురెళ్లి, మళ్లీమళ్లీ దాడిచేసి కుప్పకూలారు.

మరో ప్రష్యా సేనాని వ్రాంగెల్ సంగతీ అడుగుతారు. 80కి దగ్గరపడ్డాక 1864లో డెన్మార్క్ మీద సైన్యాన్ని నడిపాడు. ఈ పోలికలో ఆయనకి చోటు లేదు.

బ్రెడో కీర్తంతా ఆ ఒక్క మధ్యాహ్నానిదే, నిజమే. ఆ మధ్యాహ్నం గురించి చదివేటప్పుడు ఎత్తుపల్లాలు చూపే మ్యాప్ పక్కన పెట్టుకోండి. ముందు ఆ పల్లం ఎక్కడుందో వెతకండి.